పానరహిత విహారయాత్ర

సెలవు దొరకినంతనే ఎక్కడికేని పోవలెనని మనసు పరుగిడును. మద్యము మానినవారికి మాత్రము ఆ పరుగులో నొక భయము కలదు. ఇంటిపట్టున నిలుపుకొన్న నియమము పరస్థలమున, పనిలేని సాయంకాలమున, స్నేహితుల బలవంతమున సడలునేమో యని! ఈ చిక్కు క్రొత్తది కాదు. దీనికి మన పూర్వులెఱిగిన యుపాయము యాత్ర.

యాత్రికుడు బయలుదేఱుటకు మున్నే మ్రొక్కుకొనును. వేకువ స్నానము, దర్శనము, ఒంటిపూట భోజనము, రాత్రి భజనయో హరికథయో. వాని దీక్షను తోడివారందఱు నెఱుగుదురు గనుక బలవంతపెట్టువాడుండడు. ఊర కల్లంగడి లేకపోవుటచే గాదు, దినమున ఖాళీ లేకపోవుటచేతనే వాడు త్రాగడు. అన్ని ఉత్సవములు నిట్టివే యనను. గ్రామదేవతల జాతరలలో కల్లు పారుట మనకు తెలియనిది కాదు. కావున ఎన్నిక అవసరము.

చట్టముచే నీ పని సాధింప జూచిన చరిత్రయు నున్నది. రాజాజీ మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదిన సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభించెను. మఱుసటి యేట అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చెను. 1948 అక్టోబరు 2 నాటికి అనంతపురము జిల్లాతో గూడ మదరాసు రాష్ట్రమంతయు దాని క్రిందికి వచ్చెను. 1954 నవంబరులో ఈ నిషేధ వివాదముననే ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము పడిపోయెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగళ్లపై తిరుగబడిరి. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలెను. అంగళ్లు మూయించిన చట్టము, త్రాగువాని సాయంకాలమును దేనితో నింపవలెనో చెప్పలేదు.

దానిని నింపగల స్థలములు గుంతకల్లు బెంగుళూరు రైలుమార్గమున వరుసగా నున్నవి. హిందూపురమున దిగి 15 కిలోమీటర్లు పోయిన లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలమున విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు వీరభద్రాలయమును గట్టించిరి. పైకప్పు చిత్రములను మెడ నొప్పిపుట్టువఱకు చూడవచ్చును. ఏకశిలానంది 27 అడుగుల పొడవు. విరుపణ్ణ రాజధనమును అనుమతి లేక వెచ్చించి, రాజాగ్రహమునకు వెఱచి తన కన్నులు తానే పెఱికికొనెనని జనశ్రుతి. కట్టడపు మత్తు కల్లుమత్తునకంటె నెక్కువ సుమా!

పెనుగొండ మఱియొక తీరు. 1565 నాటి యుద్ధమున విజయనగరము పాడైన పిమ్మట తిరుమలరాయలు రాజధాని నిచటికి మార్చెను. గగనమహలు చూచి, కోటకొండ యెక్కి దిగినవానికి రాత్రి కావలసినది నిద్రయే. ఇచట పార్శ్వనాథుని జైనాలయమును, బాబయ్య దర్గాయు నున్నవి. మద్యమును నిషిద్ధముగా నెంచు రెండు మతముల పుణ్యస్థలములు ఒక్క యూర నుండుట మన ప్రయాణమునకు కలిసివచ్చినది.

బస విషయమున మాత్రము జాగ్రత్త వలయును. క్రింద పానశాల యున్న వసతిగృహముకంటె సత్రపు చాప మేలు. ముందే యడిగి తెలిసికొనుడు, అడుగుటకు సిగ్గుపడకుడు. మీ నియమమును తోడి ప్రయాణికులకును ముందే చెప్పుడు. పూర్వపు దీక్షాధారి చేసినదియు నదియే.

కడపటి సాయంకాలమును ధర్మవరమున కుంచుకొనుడు. పట్టుమగ్గముకడ అనుమతి గైకొని కూర్చుండుడు. నేతగాని చేయి, కాలు, కన్ను ఒక్కటై పనిచేయుచుండ, వెడల్పాటి జరీయంచు వ్రేలెడు వ్రేలెడుగా పెరుగుచుండును. రైలువేళ యైనదని ఎవరైనను మీకు జ్ఞాపకము చేయవలసియుండును.