రేడియం చొక్కా

కాజీపేట జంక్షను మీదుగా ప్రయాణం చేసినవారు పట్టాల పక్కన పనిచేసే కార్మికులను చూసే ఉంటారు. నారింజరంగు చొక్కా, దాని మీద అడ్డంగా వెండిరంగు పట్టీలు. మా వరంగల్లులో దాన్ని "రేడియం జాకెట్టు" అంటారు. మొన్న మా మేనల్లుడు కొత్త మోటారుసైకిలు కొన్నాడు. రాత్రిపూట ములుగు రోడ్డు మీద వెళ్ళివస్తాడు గదా అని, అలాంటిదొకటి కొని చేతిలో పెట్టాను. వాడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇది ఏసుకుంటె నన్ను మున్సిపాలిటోడనుకుంటరు మామా!" అన్నాడు. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఈ చొక్కా పూర్వోత్తరాలు కనుక్కుందామనిపించింది. ఆ అన్వేషణ ఫలితమే ఈ టపా.

ముందు పేరు సంగతి. ఈ చొక్కాలో రేడియం లేశమాత్రమూ లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో చీకట్లో మెరిసే గడియారాల ముళ్ళకు, అంకెలకు రేడియం కలిపిన రంగు పూసేవారు. అమెరికాలో ఆ పని చేసిన ఆడపిల్లలు కుంచెను పెదవులతో మొనదేర్చుకుంటూ ఆ విషాన్ని మింగారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ పదార్థం వాడుక నుంచి తొలగింది గాని, పేరు మిగిలిపోయింది. చీకట్లో మెరిసే ప్రతిదీ మనకు రేడియమే. నంబరు ప్లేటు మీద అక్షరాలు అతికించే దుకాణం రేడియం షాపు. వస్తువు పోయినా పేరు నిలవడం భాషలో కొత్త కాదు గదా!

ఇక అసలు ప్రశ్న. దారిలో కనబడవలసిన బాధ్యత ఎవరిది? చిత్రమేమిటంటే, చరిత్రలో ఈ బాధ్యత మొదట పెద్ద బండిదే. 1865లో ఇంగ్లండు చేసిన చట్టం ప్రకారం, రోడ్డు మీద నడిచే ఆవిరియంత్రానికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ప్రమాదం తెచ్చేది యంత్రం కనుక, తన రాకను తానే చాటుకోవాలన్నమాట. మోటారు కార్లు వచ్చాక, 1896 నాటికి, ఆ కట్టుబాటు సడలిపోయింది. తరువాత భారం మెల్లగా చిన్నవాడి మీదికి జరిగింది. 1920లు, 30లలో సైకిళ్ళకు వెనుక ఎర్రదీపం తప్పనిసరి చేయాలన్నప్పుడు, 1878లో పుట్టిన అక్కడి సైకిలు యాత్రికుల సంఘం గట్టిగా ఎదిరించింది. తన దీపం వెలుగు ఎంతవరకు పడుతుందో అంతలో ఆగగలిగిన వేగంతో కారువాడు నడపాలి గాని, వాడికి కనబడే పూచీ మాకెందుకని వారి వాదం. 1939లో యుద్ధం వచ్చింది, వీధిదీపాలు ఆర్పేశారు, చీకట్లో చావులు పెరిగాయి. వాదం ఓడిపోయింది, దీపం గెలిచింది.

ఆ దీపం మా హనుమకొండ దాకా వచ్చింది. 1970లలో సైకిలుకు దీపం లేకపోతే రాత్రిపూట పోలీసులు పట్టుకునేవారు. డైనమో ఉన్నవాడు దొర. లేనివాడు దూరాన ఖాకీ టోపీ కనబడగానే దిగి, ఏమీ ఎరగనట్టు సైకిలు నడిపించుకుంటూ పోయేవాడు. నేనొకసారి చౌరస్తా దగ్గర దొరికిపోయి, "పున్నమి వెన్నెల గదండీ, దారి పట్టపగలులా కనబడుతోంది" అని పాండిత్యం ప్రదర్శించాను. ఆ జవాను నవ్వి, "దీపం నువ్వు చూసేటందుకు కాదయ్యా, నిన్ను చూసేటందుకు" అన్నాడు. పండిత శిక్షణలో ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను గాని, ఇంత సూటిగా విషయం చెప్పిన వ్యాఖ్యాత తారసపడలేదు.

చొక్కా కథ వేరే. స్విట్జర్ అనే అన్నదమ్ములు పగటి వెలుతురులో మామూలు రంగులకంటె మిన్నగా మెరిసే రంగులు కనిపెట్టారు. సూర్యకాంతిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను అవి కనబడే వెలుగుగా మార్చి ఇస్తాయి. యుద్ధకాలంలో విమానాలకు సంకేతాలివ్వడానికి అవి పనికివచ్చాయి. 1964లో స్కాట్లండులోని గ్లాస్గోలో, విద్యుత్ రైళ్ళు నడిచే మార్గంలో పనిచేసే కార్మికులకు నారింజరంగు చొక్కాలు ప్రయోగాత్మకంగా ఇచ్చారు. వాటికి పెట్టిన ముద్దుపేరు మిణుగురు. అదీ దీని పుట్టుక. మేనల్లుడు చిన్నచూపు చూసిన ఈ చొక్కా నిజంగానే శ్రామికుల చొక్కా. ప్రాణాపాయం అంచున పనిచేసేవారి కోసం పుట్టింది.

ఇక నా సొంత అనుభవం. 1998 చలికాలంలో ఒక సాయంత్రం బడి నుంచి మోపెడ్ మీద ఇంటికి వస్తున్నాను. ఒంటిమీద ముదురు నీలం స్వెట్టరు. ఒక వ్యాను నా ముందుకు మలుపు తిరిగింది. మెడ ఎముక విరిగింది. ఆ డ్రైవరే నన్ను ఆసుపత్రికి చేర్చాడు. దారి పొడుగునా ఒకటే మాట: "కనబడలేదు సార్, ఒట్టు, నిజంగ కనబడలేదు." అబద్ధమనుకున్నాను. చాలా ఏళ్ళు ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండేది.

2022లో, దీపావళికి ముందు ఒక అసురసంధ్యవేళ, నేనే కారు నడుపుతూ కుడివైపు సందులోకి తిరిగాను. బ్రేకుల చప్పుడు. జానెడు దూరంలో నల్లచొక్కా తొడుక్కున్న కుర్రవాడు. అతని బండి దీపం వెనుక వస్తున్న లారీ దీపాలలో కలిసిపోయింది. నా నోటి వెంట వచ్చిన మాట: "కనబడలేదు బాబూ!" ఇరవై నాలుగేళ్ళ కిందటి ఆ డ్రైవరుకు ఆ క్షణాన మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

శాస్త్రజ్ఞులేమంటారు? లాస్ ఏంజెలెస్‌లో 900 మోటారుసైకిలు ప్రమాదాలను పరిశీలించి 1981లో వెలువరించిన హర్ట్ నివేదిక, ఇతర వాహనాలతో జరిగిన ప్రమాదాలకు ప్రధాన కారణం ఎదుటివాడు మోటారుసైకిలును గుర్తించకపోవడమేనంది. న్యూజిలాండులోని ఆక్లండ్ అధ్యయనం (2004) మెరిసే దుస్తులవారికి గాయాల ప్రమాదం 37 శాతం, నల్ల హెల్మెట్టుతో పోలిస్తే తెల్ల హెల్మెట్టువారికి 24 శాతం తక్కువని తేల్చింది. జాగ్రత్తపరులే అవి తొడుక్కుంటారు గదా అని సందేహం రావచ్చు. దానికి డెన్మార్కు జవాబు ఉంది. అక్కడ 2012–13లో సుమారు 6,800 మంది సైకిలువారిని చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పసుపు జాకెట్లిచ్చారు. ఇతరులతో ఢీకొని గాయపడిన ఘటనలు, లెక్కలోని పక్షపాతాన్ని సవరించిన తరువాత కూడా, ఆ జట్టులో 38 శాతం తక్కువ.

అయితే ఇది కవచకుండలం కాదు. మెరుపురంగు పగటికే. రాత్రికి పనిచేసేవి వెండిపట్టీలు. బండి దీపపు వెలుగును అవి వచ్చినవైపే తిప్పి పంపుతాయి. మసకచీకట్లో మన కంటికి ఎరుపు ముందుగా నల్లబడుతుంది కనుక ఎర్రచొక్కాను నమ్మరాదు. పైగా ఇంగ్లండులో 2013లో ప్రకటించిన ఒక పరిశోధనలో, సైకిలువాడు ఏ చొక్కా తొడిగినా కార్లు అంతే దగ్గరగా దాటిపోయాయట. పోలీసు అనే మాట రాసి ఉన్న చొక్కాకు మాత్రం కాస్త ఎక్కువ చోటిచ్చారట! కనబడడం వేరు, గౌరవింపబడడం వేరు.

మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనాల మీద వెళ్ళినవారు. మోటారు వాహనాల చట్టం (1988) 129వ సెక్షను హెల్మెట్టు పెట్టుకోమంటుంది, చొక్కా ఊసెత్తదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు పగలూ దీపం వెలుగుతూనే ఉంటుంది. ఫ్రాన్సులో 2016 నుంచి చొక్కా వెంట ఉంచుకోవాలి, బండి ఆగిపోయి దిగినప్పుడు తొడుక్కోవాలి. మనమూ చట్టం చేద్దామా?

నా మటుకు నేను వద్దంటాను. మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్టుకు రాత్రంతా ట్రాక్టర్లు వస్తాయి. ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలని నిబంధన ఉంది. ఎన్నిటికి ఉన్నాయో ఆ దారిన వెళ్ళేవారికి తెలుసు. జాతీయ రహదారి పక్కన దీపాలు ఆర్పి నిలిపిన లారీల సంగతి సరే సరి. పెద్ద బండికి ఉన్న చట్టం అమలు చేయకుండా చిన్నవాడికి కొత్త చట్టం చేస్తే, రేపు కోర్టులో "చొక్కా తొడగలేదు, తప్పు వాడిదే" అనే వాదం పుడుతుంది. పోయినవాడి కుటుంబానికి వచ్చే పరిహారంలో కోత పడుతుంది. సైకిలు సంఘంవారు నూరేళ్ళ కిందట భయపడింది సరిగ్గా దీనికే.

కాని చట్టం వేరు, వివేకం వేరు. న్యాయం మనవైపే ఉన్నా విరిగేది మన ఎముకే. మాల వేసుకుని తెల్లవారుజామున మంచులో నల్లబట్టలతో బండి మీద వెళ్ళే అయ్యప్ప స్వాములకు, మేడారం జాతరకు రాత్రివేళ బయలుదేరే కుర్రవాళ్ళకు, పాల క్యాన్లవారికి నా మనవి ఇదే. దీక్షావస్త్రం మీద అడ్డంగా ఒక వెండిపట్టీ కట్టుకుంటే నియమభంగమేమీ కాదని నా నమ్మకం.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. చొక్కా ఇంకా తొడగలేదు. కాని నిన్న బండి తీస్తుంటే చూశాను, నల్ల హెల్మెట్టు వెనుక రేడియం షాపులో అతికించిన తెల్లపట్టీ మెరిసింది. ఏమీ అడగలేదు. ఆ కాస్త మెరుపు చాలు, మిగతాది మెల్లగా చూద్దాం.

సెలవు.