వాక్‌త్రూ తెరిచాక: కథాప్రధాన పజిల్ ఆటల్లో మెప్పుకూ విసుగుకూ మూలం

కథ నడిపించే పజిల్ అడ్వెంచర్ వీడియో గేముల మీద వచ్చిన సమీక్షలను వరసపెట్టి చదివితే రెండు ఫిర్యాదులు పదేపదే ఎదురవుతాయి. పజిళ్లు మరీ కష్టంగా ఉన్నాయన్నది ఒకటి, మరీ తేలికైపోయాయన్నది రెండోది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఆడేవాళ్ల సత్తా రకరకాలుగా ఉంటుంది కనక అందరినీ మెప్పించడం ఎవరి తరమూ కాదని తేల్చేయడం సులువు. కథ కోసం వచ్చేవాళ్లు కొందరు, బుర్రకు పని కోసం వచ్చేవాళ్లు కొందరు, ఇద్దరికీ ఒకే పంక్తిలో వడ్డించడమే చిక్కు అనడం ఇంకా సులువు. ఈ రెండు వివరణల్లోనూ కొంత నిజముంది గానీ, మెచ్చుకోలుకూ విసుగుకూ అసలు కారణం వీటిలో దొరకదని ఈ వ్యాసం ప్రతిపాదన. ఆటగాడు లోలోపల తూచేది కష్టం ఎంతన్నది కాదు, జవాబుకు కావలసిన సమాచారం కథాలోకంలోంచే తనకు అందిందా లేదా అన్నది. అందితే ఎంతటి చిక్కునైనా ఓర్చుకుంటాడు. అందకపోతే చిన్న చిక్కు మీద కూడా మండిపడతాడు. ఈ తేడా బాగా బయటపడేది పజిల్ విప్పినప్పుడు కాదు, చేతులెత్తేసి వాక్‌త్రూ, అంటే ఆటను మొదటి నుంచి చివరిదాకా విప్పి చెప్పే మార్గదర్శి, తెరిచి జవాబు చదివినప్పుడు. ‘అరె, నాకెందుకు తట్టలేదు’ అనిపిస్తే ఆట మీద గౌరవం పెరుగుతుంది. ‘ఇది ఎవడికి తడుతుంది’ అనిపిస్తే అంతవరకూ కథ మీద ఉన్న మమకారం కూడా సన్నగిల్లుతుంది.

ఈ తేడాకు బీజం ఈ ఆటల పుట్టుకలోనే ఉంది. 1970ల నడుమ విల్ క్రౌథర్ అమెరికాలోని కెంటకీ గుహల్లో తాను తిరిగిన అనుభవంతో రాసిన అక్షరాల ఆటను 1977లో డాన్ వుడ్స్ పెంచి పెద్దది చేశాడు. ఆ ఒరవడిలో ఎంఐటీ విద్యార్థులు జోర్క్ రాశారు. ఈ రకం అక్షరాల ఆటల గురించి 2003లో పుస్తకం రాసిన నిక్ మాంట్‌ఫోర్ట్, వీటికి సాహిత్యంలో దగ్గరి చుట్టం నవలో నాటకమో కాదని, పొడుపుకథ అని వాదించాడు. తెలుగు పాఠకుడికి ఇది వెంటనే పట్టుబడే మాట. మంచి పొడుపుకథలో విప్పుకు కావలసినదంతా పొడుపులోనే ఉంటుంది. జవాబు విన్నాక మళ్లీ ప్రశ్న దగ్గరికి వెళ్లి చూస్తే ప్రతి మాటా సరిపోతుంది. అలా సరిపోకపోతే వినేవాడు అది పొడుపుకథే కాదంటాడు. మాంట్‌ఫోర్ట్ ఈ పోలికను ప్రక్రియను వర్ణించడానికి వాడాడు. ఆటగాళ్ల తీర్పును అర్థం చేసుకోవడానికి కూడా అదే కొలబద్ద పనికొస్తుందని నా అభిప్రాయం.

1984లో కింగ్స్ క్వెస్ట్ వరసను మొదలుపెట్టిన సియెరా సంస్థ ఆటలు ఈ కొలబద్దకు చాలాచోట్ల నిలవవు. 1990లో వచ్చిన అయిదో భాగంలో ఒక పిల్లి ఎలుకను తరుముతూ తెర మీద క్షణకాలం కనిపిస్తుంది. ఆ క్షణంలో దాని మీదికి పాత బూటు విసరాలి. విసరకపోతే, చాలాసేపటి తర్వాత కథానాయకుడు ఒక సత్రం నేలమాళిగలో కట్టిపడేసి ఉన్నప్పుడు తాళ్లు కొరకడానికి ఆ ఎలుక రాదు. ఆట ముగిసిపోయినట్టే. ఎక్కడ తప్పు చేశాడో ఆటగాడికి తెలిసే దారే లేదు. జానపద కథల్లో ఉపకారం పొందిన జంతువు తిరిగొచ్చి ఆదుకోవడం మామూలే, కాబట్టి కథ తర్కం ఇక్కడ చెడలేదు. చెడింది సమాచారం అందే తీరు. ఇలాంటి మూసిన దారులను, చచ్చి నేర్చుకునే పద్ధతిని, తాళం కనబడకముందే తాళంచెవి చేతికిచ్చే పజిళ్లను తప్పుపడుతూ రాన్ గిల్బర్ట్ 1989లోనే ఒక వ్యాసం రాసి, మరుసటి ఏడాది ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్‌లో దాన్ని ఆచరించి చూపాడు. ఆ ఆటలో కత్తియుద్ధం నెగ్గాలంటే కత్తి కన్నా నాలుకకు పదునుండాలి. ఎదుటివాడు తిట్టిన తిట్టుకు సరైన ఎదురు జవాబు ఇవ్వాలి. జవాబులు తెలియని కుర్ర కథానాయకుడు దారిన పోయే ప్రతి సముద్రపు దొంగతోనూ తలపడి, ఓడిపోతూ, వాళ్ల నోటి నుంచే తిట్లూ జవాబులూ నేర్చుకుంటాడు. చివరికి కత్తిసాములో మేటి అనిపించుకున్న ఆవిడ ముందు నిలబడితే, ఆమె తిట్లన్నీ కొత్తవి! పాత జవాబుల్లో ఏది ఏ కొత్త తిట్టుకు అతుకుతుందో అక్కడికక్కడ ఊహించుకోవాలి. నేర్చుకున్నది కథానాయకుడూ ఆటగాడూ ఇద్దరూ, ఒకేసారి, ఒకే ఓటముల ద్వారా. ఈ ఆటలో ఇప్పటికీ చాలామంది ముందుగా తలుచుకునేది ఈ ఘట్టాన్నే.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ 1999 నాటి గాబ్రియేల్ నైట్ మూడో భాగం. ఫ్రాన్స్‌లోని రెన్-ల-షాతో గ్రామం చుట్టూ చరిత్రనూ రహస్య సంఘాలనూ అల్లిన గంభీరమైన కథ అది. అందులో కథానాయకుడు తన స్నేహితుడు మోస్లీలా నటించి మోటారుబైకు అద్దెకు తీసుకోవాలి. షెడ్డు తలుపు కన్నానికి టేపు అంటించి, పిల్లిని ఆ కన్నంలోంచి దూరేలా చేసి, టేపుకు అంటిన వెంట్రుకలతో మీసం కట్టుకోవాలి. అతికించుకోవడానికి తీపి పాకం. అసలు విడ్డూరమేమిటంటే మోస్లీకి మీసమే లేదు. అందుకని అతని పాస్‌పోర్టు కాజేసి, ఫొటో మీద పెన్నుతో మీసం గీయాలి కూడా. ఈ వరసను అంచెలంచెలుగా విప్పి ఎద్దేవా చేస్తూ ఎరిక్ వోల్‌పా రాసిన వ్యాసం, అడ్వెంచర్ ఆటలను ఎవరూ చంపలేదు, అవే ఆత్మహత్య చేసుకున్నాయన్న నిర్ణయానికి వచ్చింది. అదే వోల్‌పా తర్వాత వాల్వ్ సంస్థలో చేరి, పజిలూ కథా విడదీయలేనంతగా కలిసిపోయిన పోర్టల్ రచనలో పాలుపంచుకోవడం చూస్తే, ఆ కోపం ఈ ప్రక్రియ మీద ద్వేషంలోంచి వచ్చింది కాదని తెలుస్తుంది. పిల్లి మీసం పజిల్ కష్టమైనదా? చేతిలో ఉన్న వస్తువులన్నిటినీ అన్నిటి మీదా రుద్దుకుంటూ పోతే ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది. ఆ రుద్దుడులో ఆలోచన లేదు. అంత తెలివైన పరిశోధకుడు ఆ పని ఎందుకు చేస్తాడన్నదానికి కథలో సమాధానం లేదు. ఆటగాడి బుర్రా పాత్ర బుర్రా అక్కడ తెగతెంపులు చేసుకుంటాయి.

కష్టమే కొలత కాదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం బ్రోకెన్ ఏజ్. 2012లో 87 వేల మందికి పైగా అభిమానులు ముందే 33 లక్షల డాలర్లకు పైగా చందాలిచ్చి చేయించుకున్న ఆట ఇది. 2014లో వచ్చిన మొదటి సగం మరీ తేలికన్నారు. 2015లో వచ్చిన రెండో సగం మరీ కష్టమన్నారు. ఇక్కడితో ఆపితే ఆటగాళ్లకు తృప్తి లేదని నవ్వేయవచ్చు. రెండో సగం మీది ఫిర్యాదులను కాస్త దగ్గరగా చూస్తే మాత్రం సంగతి వేరు. వెల్లా, షే అనే ఇద్దరు కథానాయకులు వేర్వేరు చోట్ల, ఒకరితో ఒకరికి మాటల్లేకుండా ఉంటారు. ఒకరి వైపు కనబడే ఆనవాలుతో రెండోవారి వైపు యంత్రం తీగలు కలపాలి. తెర ముందు కూర్చున్న మనకు ఆ సమాచారం తెలుసు, తెర లోపలి పాత్రకు తెలిసే వీలే లేదు. విసుక్కున్నవాళ్లకు కంట్లో నలుసైంది ఇదే. ఇటు తేలికదనం మీది విసుగు కూడా అదే కుదురులోది. టెల్‌టేల్ సంస్థ 2012లో తెచ్చిన ద వాకింగ్ డెడ్ మొదటి భాగంలో పనిచేయని రేడియోతో కుస్తీ పడుతున్న కార్లీకి, అందులో బ్యాటరీలు లేవని కథానాయకుడు కనిపెట్టి చెప్పాలి. పసిపిల్లలకూ తట్టే విషయం. ఆమె వృత్తి రీత్యా వార్తా విలేఖరి. ఆటగాళ్లు ఆ ఘట్టాన్ని ఏళ్ల తరబడి వెక్కిరించింది తేలికగా ఉన్నందుకు కాదు, ఆ మనిషికి అది తెలియకపోవడం నమ్మశక్యంగా లేనందుకు.

ఈ వాదనకు అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ప్రొఫెసర్ లేటన్. 2007లో జపాన్‌లో మొదలైన ఈ వరసలో అగ్గిపుల్లల లెక్కలు, నది దాటించే చిక్కులు, బరువులు తూచే ప్రశ్నలు వందల కొద్దీ ఉంటాయి. కథకూ వాటికీ సాధారణంగా పొత్తే ఉండదు. దారి అడిగితే ఊరివాడు ముందు ఈ లెక్క చెప్పమంటాడు. అయినా లక్షల మంది ముచ్చటపడి ఆడారు. కథతో పొందికే ప్రాణమైతే ఇదెలా సాధ్యం? నా జవాబు ఇది. లేటన్‌లో ప్రతి పజిల్ తన సమాచారాన్ని తన గడిలోనే పెట్టుకుని వస్తుంది. ప్రశ్న మొదలైన క్షణంలో కథ ఆగిందని తెర మీదే తెలుస్తుంది, జవాబు పూర్తవగానే కథ మళ్లీ నడుస్తుంది. ఇదీ ఒక ఒప్పందమే, ఆట దాన్ని ఎక్కడా మీరదు. పైగా మొదటి ఆట కథలో, ఆ ఊరివాళ్లంతా పజిల్ పిచ్చివాళ్లు ఎందుకయ్యారన్నదే చివరి రహస్యం. ఆటగాడు అలవాటుపడి పట్టించుకోవడం మానేసిన వింతకే కథ ఆఖర్న కారణం చూపుతుంది. కాబట్టి నా ప్రతిపాదనను కొంచెం సవరించి చెప్పాలి: సమాచారం కథలోంచే రానక్కర్లేదు, ఎక్కడినుంచి వస్తుందని ఆట మాటిచ్చిందో అక్కడినుంచి రావాలి. గాబ్రియేల్ నైట్ పరిశోధకుడి ఆలోచన మీద నడుస్తానని మాటిచ్చి, పిల్లి వెంట పరుగెత్తింది.

రెండో ఆక్షేపణ సాక్ష్యం గురించే. సమీక్షలు రాసేవాళ్లు బాగా నచ్చినవాళ్లో బాగా ఒళ్లు మండినవాళ్లో అయి ఉంటారు, మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లు నోరు విప్పరు. ఇది ఒప్పుకోవలసిందే. ఎంతమంది ఏమన్నారన్న లెక్క దగ్గర ఈ వ్యాసం నోరెత్తదు. ఏ కారణం చెప్పి మెచ్చారు, ఏ కారణం చెప్పి తిట్టారన్నదే నాకు పనికొచ్చేది. మౌనంగా వెళ్లిపోయేవాళ్ల గురించి పరోక్షంగా తెలిపే ఆధారం ఒకటుంది, అది సూచనల చరిత్ర. 1980ల్లో ఇన్ఫోకామ్ సంస్థ కనబడని సిరాతో అచ్చువేసిన సూచనల పుస్తకాలు అమ్మేది. ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే ఒక్కో ప్రశ్న కింద ఒక్కో వరస బయటపడేది, ముందు చిన్న సైగ, అటుపైన ఇంకాస్త, చివర జవాబు. జనానికి కావలసింది జవాబే అయితే ఇన్ని మెట్లు అక్కర్లేదు. లేటన్‌లో ఏరుకున్న నాణేలు ఖర్చుపెట్టి కొనుక్కునే సూచనలూ, 2022లో వచ్చిన రిటర్న్ టు మంకీ ఐలాండ్‌లో కథానాయకుడి సంచిలోనే ఉండే సూచనల పుస్తకమూ అదే పద్ధతి. దారి తప్పినవాడు తనంతట తానే దారి కనుక్కునే ఆనందాన్ని చివరిదాకా కాపాడుకోవాలనుకుంటాడు.

ఆ ఆనందం నిండుగా దొరికే ఆటగా రిటర్న్ ఆఫ్ ద ఓబ్రా డిన్‌ను చెప్పాలి. లూకస్ పోప్ 2018లో విడుదల చేసిన ఈ ఆటలో 1807లో తీరానికి కొట్టుకొచ్చిన ఈస్టిండియా కంపెనీ కాలపు ఓడ మీద, 60 మంది ఎవరెవరో, ఎవరికి ఏ గతి పట్టిందో బీమా అధికారి పుస్తకంలో రాయాలి. కష్టం మాటకొస్తే పిల్లి మీసం దీని ముందు దిగదుడుపే. ఓడలో వేలాడే ఉయ్యాల పడకలకు అంకెలుంటాయి, ఆ అంకెలు సిబ్బంది జాబితాలోని వరసతో సరిపోతాయి. దుప్పట్లోంచి బయటికొచ్చిన కాళ్ల బూట్లను ఒక దృశ్యంలో గుర్తుపెట్టుకుంటే, మరో దృశ్యంలో అవే బూట్ల మనిషి పేరు దొరుకుతుంది. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తే గానీ ఆట అవునని ఒప్పుకోదు, కాబట్టి గుడ్డిగా ఊహించి నెట్టుకురావడం కష్టం. ఇక్కడ వాక్‌త్రూ చూసినవాడు ఆటను తిట్టడు, చూసినందుకు తనను తాను తిట్టుకుంటాడు. లోపం లేదని కాదు. ఓడ సిబ్బందిలో భారతీయ నావికులూ ఉన్నారు, చైనావాళ్లూ ఉన్నారు. ముఖకవళికలు, దుస్తులు, యాసలను బట్టి ఎవరు ఏ దేశస్థులో పోల్చుకోవలసిన చోట్ల, ఆట తాను ఇవ్వని సమాచారం మీద ఆధారపడుతుంది. ఆంగ్ల యాసల తేడాలు చెవికి అలవాటు లేని తెలుగు ఆటగాడికి అక్కడ న్యాయం కొంత తగ్గుతుంది. నా కొలబద్ద మెచ్చిన ఆటలోనే అదే కొలబద్దకు నిలవని చోట్లున్నాయన్నమాట.

మరి పజిళ్లను దాదాపు తీసేసి కథనే నిలిపిన ఆటల మాటేమిటి? ద వాకింగ్ డెడ్ పెద్ద విజయమే. అందులో పజిల్ స్థానాన్ని ఎంపిక ఆక్రమించింది. ఆ తరహా ఆటల మీద వచ్చిన ప్రధానమైన ఫిర్యాదు, ఏది ఎంచుకున్నా కథ ఒక్కచోటికే చేరుతుందని. ‘నా ఆలోచన కథను కదిలించిందా’ అన్న పాత ప్రశ్నే వేరే వేషంలో వచ్చింది. దీనికి మరో చివర అవుటర్ వైల్డ్స్ ఉంది, 2019 నాటిది. 22 నిమిషాలకొకసారి సౌరమండలం నశించి మళ్లీ మొదలవుతుంది. కథానాయకుడి చేతికి కొత్త ఆయుధం గానీ తాళంచెవి గానీ రాదు, పోగయ్యేది తెలిసిన సంగతులే. చివరి మెట్టు ఎక్కే దారి మొదటి నిమిషం నుంచీ తెరిచే ఉంటుంది, ఆటగాడికి తెలియదంతే. దీన్ని మెచ్చేవాళ్లకున్న ఒకే దిగులు, రెండోసారి ఆడలేకపోవడం. తెలిసిపోయినదాన్ని మర్చిపోతే బాగుండునంటారు. 2021లో దీనికి అనుబంధం వచ్చినప్పుడు కొన్ని ఘట్టాల్లో చీకట్లో నక్కి తప్పించుకు తిరగాల్సి వచ్చింది, అసంతృప్తి ఎక్కువగా వాటి మీదే కేంద్రీకృతమైంది. ఆ చీకటిని కూడా తెలిసిన సంగతుల బలంతో దాటేయగల దారులు ఆటలో ఉన్నాయి. అవి దొరికినవాళ్లు ఆ ఘట్టాలనే మెచ్చుకున్నారు, దొరకనివాళ్లు భయాన్ని తగ్గించే సెట్టింగు వెతుక్కున్నారు.