ప్రత్యర్థి ప్రెస్సులో పుట్టిన పత్రిక

గోదావరి గడ్డ మీద తెలుగు పత్రికల కథ ఎత్తుకుంటే వివేకవర్ధనిని దాటి పోలేం. 1874 అక్టోబరులో కందుకూరి వీరేశలింగం మొదలుపెట్టాడు. అంతవరకు పేచీ లేదు. తిరకాసంతా అచ్చు దగ్గర. ఆ పత్రిక తొలి సంచికలు అచ్చయింది చెన్నపట్నంలో, కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి సంజీవనీ ముద్రాక్షరశాలలో. స్త్రీవిద్య విషయంలో వీరేశలింగంతో ఢీ అంటే ఢీ అన్న ‘ఆంధ్ర భాషా సంజీవని’ పత్రిక కూడా ఆ పంతులుగారిదే. తనని దుమ్మెత్తిపోసేవాడి చేతే ఎవరైనా పత్రిక అచ్చు వేయించుకుంటారా?

ముందు వీరేశలింగం ఎక్కడున్నాడో చూద్దాం. కోరంగిలో బడిపంతులుగా చేసి ధవళేశ్వరం వచ్చాడు. 1874 సెప్టెంబరులో అక్కడ బాలికల పాఠశాల పెట్టాడు, మరుసటి నెలలో పత్రిక. ఇది కాకతాళీయం అనుకోను. ఆడపిల్లలకు చదువెందుకని నిలదీసేవాళ్లకు జవాబు చెప్పడానికి ఒక చోటు కావాలి కదా! ధవళేశ్వరం అనగానే కోనసీమవాళ్లకు గుర్తొచ్చేది ఆనకట్ట. నీళ్లకూ పడవలకూ కొదవలేని చోటు. లేనిదల్లా అచ్చు వసతి. పక్కనున్న రాజమండ్రిలోనూ అదే ఇబ్బంది.

పోనీ చెన్నపట్నం దగ్గరా? బెజవాడ నుంచి అక్కడికి రైలు 1899లో గానీ పడలేదు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో గానీ తెరవలేదు. ఆ దారిలో రాతప్రతి మూడు వందల మైళ్ల పైచిలుకు పోవాలి, అచ్చయిన కట్ట మళ్లీ అంత దూరమూ రావాలి. మాసపత్రిక అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. వివేకవర్ధని మాసపత్రికగా మొదలవడం వెనుక ఈ దూరం కూడా ఉందని నా లెక్క.

ఇక విరోధం సంగతి. ఇక్కడే మనం తేదీలు కలిపేసి తికమక పడుతుంటాం. 1874 నాటికి ఇద్దరూ ఒకే బాటలో నడుస్తున్న పండితులు. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే రాసి కన్నుమూస్తే, విగ్రహతంత్రాన్ని కొక్కొండ రాశాడు, వీరేశలింగమూ రాశాడు. ఇద్దరిదీ గ్రాంథికమే. కొక్కొండ అయితే మామూలు మాటల్లో కూడా గ్రాంథికం వదలని మనిషి. అతని సంజీవని 1871 నుంచే నడుస్తోంది. పత్రిక పెట్టాలనుకున్న ధవళేశ్వరం పంతులుకు, పత్రిక అచ్చు వేయడం తెలిసిన సాటి పండితుడి ప్రెస్సు కన్నా నమ్మకమైనది ఏముంటుంది? వైరం ముదిరింది తర్వాత.

మరి ఆ చెన్నపట్నం అచ్చు నుంచి వీరేశలింగం బయటపడింది ఎలా? మరో ముగ్గురితో కలిసి రాజమండ్రిలో ప్రెస్సు పెట్టాడు. ఆ ముగ్గురూ తప్పుకున్నారు, బరువంతా ఒక్కడి మీద పడింది. అయినా ప్రెస్సు ఊళ్లోకి వచ్చాక పత్రిక నడకే మారింది. మాసపత్రిక పక్షపత్రికైంది, ఆపైన వారపత్రికైంది. అసలు ముడి విడేది ఇక్కడే అంటాను. స్త్రీవిద్య మీద వ్యాసం నెల ఆలస్యమైనా చెడిపోదు. కోర్టులో లంచాల సంగతి అలా కాదు, వేడి మీద పడాలి. న్యాయస్థానాల అవినీతిని వివేకవర్ధని ఆధారాలతో బయటపెట్టగలిగిందంటే, అచ్చుయంత్రం చేతికందే దూరంలో ఉండబట్టే.

సొంత ప్రెస్సు ఉన్నాక పాత స్నేహితుణ్ణి వెక్కిరించడానికీ అడ్డు లేదు. వీరేశలింగం తన హాస్యపత్రికకు ‘హాస్య సంజీవని’ అని పేరు పెట్టాడు. కొక్కొండ తక్కువ తిన్నాడా, తనదానికి ‘హాస్య వర్ధని’ అని పెట్టుకున్నాడు. ఆ హాస్య సంజీవనిలోనే 1876లో ‘బ్రాహ్మవివాహము’ వచ్చింది. జనం నోళ్లలో అది ‘పెద్దయ్యగారి పెళ్లి’.