దిగుబడిని పెంచేది విత్తనమేనా? ఆపరేషన్ బర్గా అనుభవం

వ్యవసాయంలో దిగుబడి ఎలా పెరుగుతుందని అడిగితే మేలురకం విత్తనం, నీరు, ఎరువు అనే జవాబు వస్తుంది. హరిత విప్లవాన్ని చూశాక దాన్ని కాదనలేం. కానీ సాగుచేసే మనిషికి ఆ నేలపై హక్కే లేకపోతే, వాటిమీద ఖర్చు పెట్టే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

పశ్చిమ బెంగాల్‌లో పంటలో వాటా ఇచ్చే ఒప్పందంపై ఇతరుల భూమి సాగుచేసేవారిని బర్గాదార్లు అంటారు. చట్టంలో రక్షణ ఉన్నా, రికార్డుల్లో చాలామంది పేర్లు ఉండేవి కావు. భూయజమాని పొమ్మంటే పోవాల్సిందే. 1977లో వామపక్ష ప్రభుత్వం వచ్చాక చట్టాన్ని సవరించి, ఎవరైనా తన బర్గాదారు కాదని రుజువు చేసే భారాన్ని యజమానిపై పెట్టింది. 1978లో ఆపరేషన్ బర్గా మొదలైంది. అధికారులే ఊళ్లకు వెళ్లి, అందరి ముందు సాగుదారుల పేర్లు రాసుకున్నారు. 1990ల తొలినాళ్లకు 14 లక్షల మందికి పైగా నమోదయ్యారు. వారిలో దళితులు, ఆదివాసీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. చట్టప్రకారం వాటా ఇస్తున్నంత కాలం వారిని ఇష్టానుసారం తొలగించలేరు. సాగు హక్కు వారసులకు వస్తుంది. పెట్టుబడి సాగుదారుదే అయితే పంటలో 75 శాతం కూడా వారిదే.

దీనివల్ల దిగుబడి పెరిగిందా? పెరిగిందని అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీశ్ ఘటక్ 2002లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. వాటా పెరిగితే కష్టపడటానికి కారణం ఉంటుంది. తొలగిస్తారనే భయం పోతే పెట్టుబడికి ధైర్యం వస్తుంది. అయితే 2011లో ప్రణబ్ బర్ధన్, దిలీప్ ముఖర్జీ పొలం స్థాయి లెక్కలు చూసి, పంచాయతీల ద్వారా పంచిన విత్తనాల మినీకిట్ల ప్రభావం ఇంకా ఎక్కువని తేల్చారు.

ఈ రెండింటినీ పోటీగా చూడనక్కర్లేదు. విత్తనం, నీరు, అప్పు దిగుబడిని పెంచుతాయి. అవి ఎవరికి అందుతాయో తేల్చేది భూమి కాగితం, పంచాయతీలో పలుకుబడి. బర్గాకు ఒక పరిమితి కూడా ఉంది: కౌలు కూడా లేని వ్యవసాయ కూలీలకు అది భూమి ఇవ్వలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్య ఇంకా తీరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 11 నెలల సాగు హక్కు పత్రానికి భూయజమాని ఒప్పుకోలును తప్పనిసరి చేసింది. యజమాని సంతకం పెట్టకపోతే పత్రం లేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే వెళ్లింది, కౌలుదారుకు అందలేదు.

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగుభూమిలో వారి చేతిలో ఉన్నది 9 శాతం లోపే. దిగుబడి పెంచే పథకం ఏది వచ్చినా మనం మూడు విషయాలు అడగాలి: సాయం పట్టాదారుకా, సాగుదారుకా? కౌలు నమోదుకు ఎవరి అనుమతి కావాలి? భూమిలేని కూలీకి అందులో ఏముంది?