హంపీని కొలిచిన తరాలు

2017లో వెలువడిన యాభై రూపాయల నోటు వెనుకవైపు హంపీ రాతిరథం ముద్రితమై ఉంది. విఠ్ఠలాలయ ప్రాంగణంలో గరుత్మంతునికై నిర్మించిన ఈ రథాకార మందిరం పైభాగం నేడు చదునుగా కనిపిస్తుంది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి తీసిన ఛాయాచిత్రంలో మాత్రం దానిపై ఇటుక శిఖరం నిలిచి ఉంది. తరువాతి కాలంలో ఆ శిఖరం తొలగిపోయింది. చారిత్రక కట్టడాలను నమోదు చేయడం ఎందుకన్న ప్రశ్నకు ఈ ఛాయాచిత్రమే సమాధానం.

1565 యుద్ధానంతరం పాడుబడిన విజయనగరాన్ని కొలిచిన తొలినాటివారిలో తెలుగువారికి సుపరిచితుడైన కాలిన్ మెకంజీ ఒకడు. ఆయన 1799లో శిథిల నగర పటాన్ని సిద్ధం చేయించాడు. 1980లో జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిచెల్ సమగ్ర సర్వే ప్రారంభించి రెండు దశాబ్దాలపాటు కొనసాగించారు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు శీతకాలంలో అక్కడికి వచ్చి గుడులను, మండపాలను, ప్రాసాద శిథిలాలను టేపుతో కొలిచి రేఖాచిత్రాలు గీశారు.

2010 తరువాతి దశాబ్దంలో కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ చేపట్టిన డిజిటల్ వారసత్వ ప్రాజెక్టు హంపీనే ప్రధాన క్షేత్రంగా ఎంచుకుంది. ఐఐటీలు తదితర విద్యాసంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. టేపు స్థానంలో స్కానర్ వచ్చింది. అది వెలువరించే లేజర్ కిరణం రాతిని తాకి తిరిగివచ్చే తీరునుబట్టి దూరం లెక్కకు వస్తుంది. అలా సేకరించిన కోట్లాది బిందువులు కట్టడానికి త్రిమితీయ ప్రతిరూపాన్ని ఇస్తాయి.

అయితే కిరణం సూటిగా మాత్రమే పోగలదు. విఠ్ఠలాలయ మహామండప స్తంభాలకు అదే రాతిలో మలిచిన సన్నని చిరుస్తంభాలు ఉన్నాయి. ముందున్నది వెనుకనున్నదానిని మరుగుపరుస్తుంది. ఆ మరుగున బిందువులుండవు. తెరపై సంపూర్ణంగా తోచిన స్తంభం త్రీడీ ముద్రణకు పూనుకున్నప్పుడు వెనుకవైపు ఖాళీగా తేలుతుంది. ఆ ఖాళీని ఊహతో పూరించాలా, తిరిగి వెళ్లి కొలవాలా అన్నది విద్యార్థి నిజాయితీకి పరీక్ష. పూరించినదానిని అలా గుర్తించి చూపకపోతే భావి పరిశోధకుడు ఊహనే చరిత్రగా స్వీకరిస్తాడు. రాతిరథం నమూనాలో నేటి రాతిభాగానికి ఒక రంగు, 1856 చిత్రం ఆధారంగా చేర్చిన శిఖరానికి వేరొక రంగు ఉండాలనడం ఇందుకే.

గ్రీన్‌లా కాగితపు నెగెటివులను చూడడానికి వెలుగు, కన్ను చాలు. డిజిటల్ ఫైళ్లకు వాటిని చదవగల యంత్రం, సాఫ్ట్‌వేర్ కావాలి. ఇవి త్వరత్వరగా మారిపోతుంటాయి. కాబట్టి విద్యార్థుల స్కాన్లు చదువు ముగియగానే ఏదో ఒక కంప్యూటర్‌లో మిగిలిపోరాదు. కొలిచిన తేదీ, పద్ధతి, పూరించిన భాగాల వివరాలతో సహా అవి ప్రభుత్వ ఆర్కైవులకు చేరాలి. ప్రతులు ఒకటికి రెండుచోట్ల ఉండాలి. కాలానుగుణంగా కొత్త రూపాలలోకి మారుస్తుండాలి. ఆ ఏర్పాటు లేనినాడు 1856 నాటి కాగితం కంటె నేటి స్కాన్ ముందుగా నశించే ప్రమాదం ఉంది.