భూటాన్ జలవిద్యుత్తు: నడపడం నేర్చాక

1960ల మధ్యదాకా భూటాన్ దాదాపుగా కరెంటు ఎరగని దేశం. వాంగ్‌ఛూ నది మీద 336 మెగావాట్ల చుఖా కేంద్రానికి 1974లో భారత్‌తో ఒప్పందం కుదిరింది. ఖర్చులో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. కట్టింది ప్రధానంగా భారత ఇంజనీర్లే. 1991లో కేంద్రం భూటాన్ చేతికి వచ్చింది. యంత్రాలు నడపడం, మరమ్మతు చేయడం, కరెంటు అమ్మి ఖజానా నింపడం ఆ దేశం అక్కడే నేర్చుకుంది.

అయితే కేంద్రాన్ని నడపడం వేరు, రంగాన్ని పాలించడం వేరు. 2001లో విద్యుత్ చట్టం చేశారు. మరుసటి ఏడాది పాత విద్యుత్ శాఖను విడదీసి విధానానికి ఒక శాఖ, నియంత్రణకు ఒక సంస్థ, సరఫరాకు ఒక కార్పొరేషన్ ఏర్పాటు చేశారు. అధికారుల శిక్షణలోనూ, నదుల అధ్యయనంలోనూ నార్వే ఏళ్ల తరబడి తోడ్పడింది. ఆనకట్టల్లా కంటికి కనబడని ఈ పనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. 2008లో కేంద్రాలను ఒక్క గొడుగు కిందికి తెచ్చిన డ్రుక్ గ్రీన్ సంస్థ పుట్టింది. సుస్థిర జలవిద్యుత్ విధానమూ ఆ ఏడాదిదే.

ఆ ఊపులోనే 2020 నాటికి 10,000 మెగావాట్లన్న లక్ష్యం పెట్టుకున్నారు. తొందర ఎంత ఖరీదైనదో 1,200 మెగావాట్ల పునాత్సాంగ్‌ఛూ-1 చూపించింది. ఆనకట్ట పునాదికి తవ్వుతుండగా 2013 జులైలో కుడిగట్టు కొండ జారింది. ఆ వాలును నిలబెట్టడానికే ఏళ్లు పట్టాయి, అంచనా వ్యయం రెట్టింపు దాటింది. పైగా తర్వాతి ప్రాజెక్టుల నాటికి గ్రాంటు తగ్గి అప్పు వాటా పెరిగింది. మాంగ్‌డెఛూలో అప్పు 70 శాతం. కొండ లోపలి రాతిని ముందే చదివి, "ఇక్కడ వద్దు" అనగల భూగర్భ నిపుణులు ప్రభుత్వంలోనే ఉండి, వాళ్ల మాట చెల్లి ఉంటే ఈ భారం ఇంత పడేది కాదని నా నమ్మకం.

ఇంకో లోటు చలికాలానిది. భూటాన్ కేంద్రాల్లో ఎక్కువ భాగం పారే నీటి మీద నడిచేవే. వానాకాలంలో అమ్మిన దేశమే చలికాలంలో నీరు తగ్గి భారత్ నుంచి కరెంటు కొంటోంది. 2021లో సవరించిన విధానంలో నీటిని నిల్వచేసే జలాశయాలకు చోటు దక్కింది. కట్టడంలోనూ దేశం ముందడుగు వేసింది: 118 మెగావాట్ల నికాఛూ కేంద్రాన్ని ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో డ్రుక్ గ్రీన్ అనుబంధ సంస్థే నిర్మించింది. జలాశయాల ముంపు లెక్క మాత్రం అంత తేలిగ్గా తేలదు. లోయల్లోని పొలాలు, తెల్లపొట్ట కొంగలు బతికే నదీతీరాలు ఆ లెక్కలోకి రావాలి.