చదువు అప్పు, వాయిదాల లెక్క: తిరుత్తణి నుంచి ఆవడి దాకా

తిరుత్తణి, ఆవడి ప్రాంతంలో ఒకప్పుడు పేదింటి పిల్లవాడు పై చదువుకు వెళ్లాలంటే ఉపకార వేతనమో, బంధువుల చేయూతో దొరకాలి. లేదంటే పొలం తాకట్టు పెట్టాలి. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకార వేతనాల మీదే మద్రాసు క్రిస్టియన్ కాలేజీ దాకా చదివారు. తత్వశాస్త్రం తీసుకోవడానికి ఒక కారణం, ఆ చదువు ముగించిన బంధువు పుస్తకాలు ఉచితంగా అందడం. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది.

రాధాకృష్ణన్ రాష్ట్రపతిగా ఉండగానే, 1963లో, కేంద్ర ప్రభుత్వం జాతీయ రుణ ఉపకార వేతన పథకం తెచ్చింది. ఆ అప్పుకు వడ్డీ లేదు. చదువు ముగిసి సంపాదన మొదలయ్యాకే తిరిగి కట్టాలి. ఉపాధ్యాయ వృత్తిలో చేరినవారికి ప్రతి ఏడాది సర్వీసుకూ అప్పులో పదో వంతు రద్దయ్యేది. తీసుకున్నవాడి బతుకును చూసి రూపొందించిన ఇంత మంచి షరతు తర్వాతి పథకాల్లో కనిపించదు. అయితే ఊళ్లు మారిన పట్టభద్రులను వెతికి పట్టుకునే యంత్రాంగం విద్యాశాఖలకు లేకపోయింది. వసూళ్లు బాగా తగ్గి పథకం మూలపడింది.

ఈలోగా ఆవడి రూపు మారింది. 1955 జనవరిలో కాంగ్రెస్ మహాసభ ‘సామ్యవాద తరహా సమాజం’ తీర్మానం చేసింది ఇక్కడే. 1961లో భారీ వాహనాల కర్మాగారం, సైనిక దుస్తుల కర్మాగారం వచ్చాయి. నెల జీతంపై బతికే కుటుంబాలు పెరిగాయి. 1984 నుంచి తమిళనాడులో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలకు తలుపులు తెరుచుకున్నాయి. ఆవడి చుట్టుపక్కల కూడా అవి వెలిశాయి. సీటు అందుబాటులోకి వచ్చింది, ఫీజు మాత్రం జీతానికి మించిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. తమిళనాడులో 2010 నుంచి, కుటుంబంలో మొదటి పట్టభద్రులయ్యేవారికి కౌన్సెలింగ్ సీట్ల ట్యూషన్ ఫీజును ప్రభుత్వం భరిస్తోంది. మిగతా వారికి, మిగతా ఖర్చులకు బ్యాంకే దిక్కు.

భారతీయ బ్యాంకుల సంఘం 2001లో నమూనా విద్యారుణ పథకం తయారుచేసింది. రూ.4 లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు. కోర్సు ముగిసిన ఏడాదికి, లేదా ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు, ఏది ముందైతే అప్పుడు వాయిదాలు మొదలయ్యేవి. అప్పు 5 నుంచి 7 ఏళ్లలో తీరాల్సి ఉండేది. చదివే రోజుల వడ్డీ అసలుకు చేరుతుంది. మధ్యలోనే ఆ వడ్డీ కట్టేస్తే ఒక శాతం రాయితీ ఇవ్వవచ్చు. ఏటా రూ.4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఆ కాలపు వడ్డీని 2009 నుంచి కేంద్రమే భరించసాగింది.

మొదటి ఉద్యోగం జీతానికి ఏడేళ్ల గడువు బరువని తేలాక, 2012లో రూ.7.5 లక్షల వరకు అప్పులకు గడువు పదేళ్లయింది. 2015లో అన్ని అప్పులకూ 15 ఏళ్లు చేశారు. ఉద్యోగం లేని కాలంలో వాయిదాలు ఆపుకునే వీలూ కల్పించారు. లెక్క చూస్తే ఈ వెసులుబాటు ఖరీదు తెలుస్తుంది. రూ.4 లక్షల బాకీ, 10 శాతం వడ్డీ అనుకుంటే, ఐదేళ్లకు నెలకు సుమారు రూ.8,500 కట్టాలి, మొత్తం రూ.5.10 లక్షలవుతుంది. ఏడేళ్లకైతే నెలకు రూ.6,640, మొత్తం రూ.5.58 లక్షలు. 15 ఏళ్లకు నెలకు రూ.4,300 చాలు, కానీ మొత్తం రూ.7.74 లక్షలకు చేరుతుంది. వాయిదా సగానికి దిగింది, వడ్డీ భారం మూడింతలు దాటింది.

పన్ను చట్టం ఈ పొడిగింపుతో కలిసి నడవలేదు. సెక్షన్ 80ఈ కింద వడ్డీ మినహాయింపు ఎనిమిదేళ్లే, అదీ పాత పన్ను విధానంలోనే. పదిహేనేళ్ల గడువు తీసుకున్నవారికి చివరి ఏడేళ్లు ఆ ఊరట ఉండదు. ముందుగా తీర్చేస్తే జరిమానా ఉండకూడదన్నది నమూనా పథకం నియమం. అందువల్ల జీతం తక్కువగా ఉన్నప్పుడు పొడవైన గడువు తీసుకుని, బోనస్ వచ్చినప్పుడల్లా అసలు తగ్గించుకోవడానికి వీలుంది.